నొప్పుల మందుపై హెచ్చరిక తెలుగులోనూ ఉండాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

మోకాళ్ల నొప్పులకు వావిలాకు కాచిన నీళ్లతో స్నానం చేయడం, ఆముదం రాసి వెచ్చజేసిన జిల్లేడాకు కట్టడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నవే. వాటితో నాకు పేచీ లేదు. నా ఆందోళనంతా కడుపులోకి తీసుకునే మూలికల చూర్ణాలు, మాత్రల గురించి, వాటిపై మనవాళ్లు చదవలేని హెచ్చరిక గురించి.

మన ఔషధ నిబంధనల్లో ఇ(1) షెడ్యూలు అని ఒకటి ఉంది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల్లో వాడే విషపదార్థాల పట్టిక అది. వాతనొప్పుల మందుల్లో వాడే ముష్టి గింజ, వసనాభి, నల్లజీడి మూడూ అందులో ఉన్నాయి. ముష్టి గింజలోని స్ట్రిక్నిన్ అనే విషం మోతాదు మించితే ఒళ్లంతా కొంకర్లు పోయి ఊపిరి ఆడదు. వసనాభిలోని అకోనిటిన్ అనే విషం గుండె లయనే దెబ్బతీస్తుంది. ఈ సంగతి తెలిసే పూర్వ వైద్యులు ముష్టి గింజలను నానబెట్టి, ఆవుపాలలో ఉడికించి, పైపొట్టు తీసి, నేతిలో వేయించిన తరువాతే మందులో కలపమన్నారు. ఆ శుద్ధి సరిగా జరిగిందో లేదో సీసా కొనేవారికి తెలిసే దారి లేదు.

కనుకనే ఈ పట్టికలోని పదార్థాలతో చేసి లోపలికి వాడే మందుపై, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక స్పష్టంగా ఉండాలని 161వ నిబంధన చెబుతోంది. కానీ ఆ హెచ్చరిక ఇంగ్లీషు, హిందీ భాషల్లో ఉంటే చాలునంటోంది. మా ఊరి దుకాణంలో ఇలాంటి సీసా ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. ముందువైపు ‘మోకాళ్ల నొప్పులకు’ అని బొద్దు అక్షరాల తెలుగు. వెనకవైపు, ధర పక్కన, కళ్లజోడు పెట్టుకున్నా కష్టంగా కనిపించే ఇంగ్లీషు హెచ్చరిక. అమ్ముకోవడానికి పనికొచ్చిన తెలుగు జాగ్రత్త చెప్పడానికి ఎందుకు పనికిరాలేదు?

విషాల పట్టికలో లేని మొక్కలూ గాఢమైన సారంగా మారితే వేరే సంగతే. వంటలో వేసే పసుపులో కర్కుమిన్ అనే పదార్థం ఇంచుమించు 3 శాతం ఉంటే, నొప్పులకని అమ్మే మాత్రల్లోని సారంలో 95 శాతం దాకా ఉంటుంది. అది ఒంటికి బాగా పట్టాలని మిరియాల నుంచి తీసిన పైపరిన్ కూడా కలుపుతారు. ఇలాంటి మాత్రలతో కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రక్తం పలచబరిచే మందులు వాడే వృద్ధులు వైద్యునికి చెప్పకుండా వీటిని మింగడం మరీ ప్రమాదం.

ఇక పేరూ వివరాలూ తెలిపే లేబులే లేని పొట్లాల మాట. రెండు మోతాదులకే నొప్పి మాయమైతే అందులో మూలికతో పాటు డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందు కలిపారేమోనని అనుమానించాలి. మూలికల పేరుతో అమ్ముతున్న కీళ్లనొప్పుల మాత్రల్లో సరిగ్గా ఈ రెండూ దొరికాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 2022లో ప్రజలను హెచ్చరించింది. స్టెరాయిడ్ నెలల తరబడి తింటే ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. భయపడి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికే రావచ్చు. అందుచేత ఇలాంటి పొట్లం చాలాకాలంగా వాడుతున్నవారు దానిని తమంతట తాము ఆపకుండా, వెంట తీసుకెళ్లి వైద్యునికి చూపించాలని మనవి.

నిబంధన రెండు భాషలను తప్పనిసరి చేసిందే గాని మూడో భాషను వద్దనలేదు. ఈ మందుల తయారీకి లైసెన్సులిచ్చేది రాష్ట్రాల అధికారులే. ముందువైపు ఎంత అక్షరంతో మందు పేరు వేస్తున్నారో అంత అక్షరంతో తెలుగు హెచ్చరిక కూడా వేయమని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తయారీదారులను కోరాలి. 161వ నిబంధనలో ప్రాంతీయ భాషను చేర్చమని కేంద్రానికి రాయాలి. సంతల్లో, బస్టాండ్లలో అమ్మే పొట్లాల నమూనాలను తీసి స్టెరాయిడ్ల కోసం పరీక్ష చేయించి, ఫలితాలను పత్రికలకు ఇవ్వాలి. ఇవన్నీ జరిగేలోగా, మందు అమ్మే ప్రతి దుకాణదారూ ఆ ఇంగ్లీషు వాక్యాన్ని కొనేవారికి తెలుగులో చదివి చెప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి