విశ్వవిద్యాలయం ఏ డబ్బుతో బతుకుతోందో ముందు చూడండి

సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాలు ప్రభుత్వం వైపు చేయి చాచడం మాని సొంత ఆదాయం పెంచుకోవాలని సలహా ఇస్తూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారికి చదువు మీద గౌరవం ఉందని వ్యాసమే చెబుతోంది. అయినా చదివినప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. నేను రాయలసీమలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో టైపిస్టుగా చేరి, ఫైనాన్స్ విభాగం సూపరింటెండెంటుగా రిటైరైనదాన్ని. నా సర్వీసులో ఎక్కువ కాలం బడ్జెట్ అంచనాల దగ్గరే గడిచింది. ఎవరి జీతం ఏ పద్దులోంచి పోతుందో, ఆ పద్దులోకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో నా చేతులతో టైపు చేశాను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. మన వర్సిటీలు సొంత సంపాదన ఈ రోజు కొత్తగా మొదలుపెట్టాల్సిన పని లేదు. ముప్పై ఏళ్లుగా సంపాదిస్తూనే ఉన్నాయి. ఆ సంపాదన కోసం అవి ఏం పోగొట్టుకున్నాయో మాత్రం ఎవరూ లెక్క రాయలేదు.

వర్సిటీ పేరు రాయడం లేదు. నేను చెప్పేది ఒక్క క్యాంపస్ సంగతి కాదు. రెండు రాష్ట్రాల్లో ఏ వర్సిటీ ఫైనాన్స్ సెక్షన్‌లో పనిచేసినవారిని అడిగినా కాస్త అటూ ఇటుగా ఇదే చెబుతారు.

ముందు బ్లాక్ గ్రాంటు గురించి చెప్పాలి. రాష్ట్ర ప్రభుత్వం ఏటా వర్సిటీకి ఇంత అని ఒక మొత్తం ఇస్తుంది. జీతాలు అందులోంచే, పెన్షన్లూ అందులోంచే. ప్రభుత్వ ఉద్యోగి రిటైరైతే పెన్షన్ ట్రెజరీ ఇస్తుంది. వర్సిటీ ఉద్యోగి రిటైరైతే వర్సిటీయే ఇచ్చుకోవాలి. ఏటా రిటైరయ్యేవాళ్లు పెరుగుతారు, పీఆర్సీతో జీతాలు సవరిస్తారు, డీఏ (కరువు భత్యం) పెరుగుతుంది. గ్రాంటు మాత్రం ఆ వేగంతో పెరగదు. నేను చేరిన కొత్తలో గ్రాంటుతో జీతాలు పోగా లైబ్రరీకి, ల్యాబులకు ఎంతో కొంత మిగిలేది. రిటైరయ్యేనాటికి జీతాలకు, పెన్షన్లకే చాలడం లేదు. ఆ లోటు పూడ్చడానికి వెతుక్కున్న డబ్బుకే ‘అంతర్గత ఆదాయం’ అని పేరు పెట్టారు.

ఈ మలుపు దానంతట అది రాలేదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1954లో శ్రీ వెంకటేశ్వర, 1976లో కాకతీయ, నాగార్జున వర్సిటీలు వచ్చినప్పుడు విద్యార్థుల ఫీజులతో నడుస్తాయని ఎవరూ అనుకోలేదు. ఆర్థిక సంస్కరణలు మొదలైన తర్వాత యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నియమించిన జస్టిస్ కె. పున్నయ్య కమిటీ 1993లో నివేదిక ఇచ్చింది. ఆయన మన తెలుగువారే. నిర్వహణ ఖర్చులో ఐదేళ్లలో 15 శాతం, పదేళ్లలో 25 శాతం విద్యాసంస్థలు సొంతంగా సమకూర్చుకోవాలని ఆ కమిటీ చెప్పింది. ప్రధాన బాధ్యత ప్రభుత్వానిదేనని కూడా అదే నివేదికలో ఉంది. మొదటి మాటను అన్ని ప్రభుత్వాలూ పట్టుకున్నాయి, రెండోది వదిలేశాయి. 1997లో కేంద్ర ఆర్థిక శాఖ సబ్సిడీల మీద తెచ్చిన చర్చాపత్రంలో ఉన్నత విద్యను ‘నాన్-మెరిట్’ జాబితాలో పెట్టారు. అంటే చదివినవాడికే లాభం, కాబట్టి వాడే కట్టుకోవాలని. జిల్లా ఆసుపత్రిలో డాక్టరు, మండల హైస్కూల్లో లెక్కల టీచరు ఎక్కడి నుంచి వస్తారో ఆ పత్రం రాసినవారు ఆలోచించి ఉండరు.

ఇక మా సెక్షన్‌లో ఆ అంతర్గత ఆదాయం ఎలా పోగయ్యేదో చెబుతాను.

అన్నిటికంటే పెద్ద పద్దు పరీక్షలది. అనుబంధ కాలేజీల నుంచి లక్షల మంది రాసే డిగ్రీ పరీక్షల ఫీజు, సప్లిమెంటరీ ఫీజు, రీకౌంటింగ్, రీవాల్యుయేషన్, ఆలస్య రుసుము, ప్రొవిజనల్ సర్టిఫికెట్, మైగ్రేషన్, కాన్వొకేషన్. ఏటా డిసెంబరులో వచ్చే ఏడాది రాబడి అంచనా వేయాలి. సప్లిమెంటరీకి ఎంత వేయాలి? కిందటేడు ఎంత మంది ఫెయిలయ్యారో చూసి, పది శాతం కలిపి వేసేవాళ్లం. ఒక ఏడాది సెమిస్టర్ ఫలితాలు బాగా వచ్చాయి. పిల్లలు పాసయ్యారని సంతోషించాల్సిన ఆఫీసులో రాబడి తగ్గిందని మీటింగ్ పెట్టారు. ఆ మీటింగ్ మినిట్స్ టైపు చేసింది నేనే. ఎవరూ కావాలని పిల్లల్ని ఫెయిల్ చేశారని నేను అనడం లేదు, మూల్యాంకనం చేసే అధ్యాపకులకు ఈ లెక్కలతో సంబంధమే లేదు. కానీ పిల్లలు తప్పితే తప్ప జీతాలు సర్దుబాటు కాని స్థితికి ఒక విద్యాసంస్థను నెట్టడం ఎంత అన్యాయమో ఆ రోజు నాకు అర్థమైంది.

రెండో పద్దు అఫిలియేషన్, అంటే కాలేజీలకు వర్సిటీ ఇచ్చే అనుబంధ గుర్తింపు. దీని గురించి బయటివారికి తెలిసింది తక్కువ, తెలియాల్సింది చాలా ఎక్కువ. 1990ల చివర నుంచి ప్రైవేటు డిగ్రీ, బీఈడీ, ఎంబీఏ కాలేజీలు పట్టణానికి పదేసి వచ్చాయి. ప్రతి కాలేజీ ప్రతి కోర్సుకు ఏటా వర్సిటీకి అఫిలియేషన్ ఫీజు కట్టాలి. తనిఖీ కమిటీ వెళ్లి భవనం, ల్యాబు, లైబ్రరీ, అర్హత ఉన్న లెక్చరర్లు ఉన్నారో లేదో చూసి నివేదిక ఇవ్వాలి. ఒకసారి ఒక కమిటీ వెంట సాయంగా నన్ను పంపారు. ఉదయం ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో చూసిన స్పెక్ట్రోమీటర్లే మధ్యాహ్నం అదే యాజమాన్యం వారి ఇంకో ఊరి కాలేజీలో కనిపించాయి. పెట్టె మీద సున్నంతో వేసిన నంబర్లతో సహా అవే. కమిటీలో ఉన్న ఒక ప్రొఫెసర్ గారు ఉన్నది ఉన్నట్టు రాశారు. ఆ ఫైలు కొన్ని వారాలు తిరిగి చివరికి ‘లోపాలు సరిదిద్దుకోవాలన్న షరతుపై’ అఫిలియేషన్ ఇచ్చారు. షరతు నెరవేరిందో లేదో మళ్లీ ఎవరూ చూడలేదు. ఆ యాజమాన్యం కట్టే ఫీజు ఆగితే మా కాంట్రాక్టు అధ్యాపకుల జీతాల బిల్లు ఆగుతుందని ఫైలు మీద సంతకం పెట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. మంచివారే, నిజాయితీపరులే. తనిఖీ చేయాల్సినవాడి జీతం తనిఖీకి లోనయ్యేవాడి జేబులోంచి వచ్చేలా ఏర్పాటు చేసి, తర్వాత కాలేజీల్లో ప్రమాణాలు పడిపోయాయని ఆశ్చర్యపోతే ఏం లాభం?

మూడోది దూరవిద్య. ఉద్యోగాలు చేసుకునేవారికి, పెళ్లై చదువు ఆగిన ఆడపిల్లలకు దాని వల్ల జరిగిన మేలు నేను కళ్లారా చూశాను. మా ఆఫీసులోనే అటెండరుగా చేరి దూరవిద్యలో బీకాం పూర్తి చేసి జూనియర్ అసిస్టెంటైనవారు ఉన్నారు. కానీ డబ్బు రుచి తెలిశాక స్టడీ సెంటర్లు జిల్లా దాటాయి, రాష్ట్రం దాటాయి. మేం ఎన్నడూ చూడని ఊళ్ల నుంచి డీడీల కట్టలు వచ్చేవి. ఆ డబ్బుతో కొన్నేళ్లు క్యాంపస్ జీతాలు కూడా నడిచాయి. తన పరిధి దాటి సెంటర్లు పెట్టకూడదని యూజీసీ 2013లో గట్టిగా చెప్పింది. ఆ తర్వాత 2017-18 నిబంధనల్లో విద్యాసంస్థల నాణ్యతకు మార్కులు వేసే నాక్ దగ్గర నాలుగుకు 3.26 స్కోరు లేనిదే దూరవిద్య నడపరాదంది. రాబడి ఒక్కసారిగా పడిపోయింది. ఆ నియమాలు సరైనవే. అయితే దూరవిద్య డబ్బు వస్తున్న రోజుల్లో ‘మీకు సొంత ఆదాయం ఉందిగా’ అని గ్రాంటు పెంచని ప్రభుత్వం, ఆ డబ్బు పోయినప్పుడు పెంచాలి కదా? పెంచలేదు. ఆ లోటు పడింది ఖాళీ పోస్టుల మీద.

ఖాళీ పోస్టుల సంగతికి వస్తే, ఒక ప్రొఫెసర్ రిటైరైతే ఆ పోస్టు నింపకపోవడమే మా దగ్గర అతి పెద్ద పొదుపు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో 3,220 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, అది కోర్టు కేసుల్లో చిక్కుకుంది. తెలంగాణలో ఉమ్మడి నియామక బోర్డు కోసం 2022లో శాసనసభ బిల్లు ఆమోదిస్తే అది గవర్నర్ దగ్గర ఆగింది. ఈలోగా పాఠం చెప్పేది కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులు. గెస్ట్ ఫ్యాకల్టీకి తరగతికి 1,500 రూపాయలు, నెలకు 50,000 వరకు ఇవ్వవచ్చని యూజీసీ 2019లో చెప్పింది. మేం చేసిన బిల్లుల్లో అందులో సగం కూడా ఎన్నడూ చూడలేదు. వేసవి సెలవుల్లో అదీ ఉండదు. పీహెచ్‌డీ చేసి, నెట్ పాసై, నలభై దాటిన మనిషి ఏప్రిల్ నెలాఖరున మా కౌంటర్ దగ్గరకొచ్చి ‘మేడమ్, మార్చి బిల్లు పాసైందా’ అని నెమ్మదిగా అడుగుతుంటే తలెత్తి చూడలేకపోయేదాన్ని.

మరోవైపు సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు, అంటే విద్యార్థుల ఫీజుతోనే నడిచేవి, పెరిగాయి. హైదరాబాదు చుట్టూ, విశాఖ వైపు మందుల కంపెనీల్లో ఉద్యోగాలు ఉన్నాయి కాబట్టి ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీకి గిరాకీ. రెగ్యులర్ సీట్ల పక్కనే సెల్ఫ్ ఫైనాన్స్ సెక్షన్ పెట్టారు. ల్యాబు అదే, రసాయనాలు అవే, ఫీజు మాత్రం ఎన్నో రెట్లు. పిల్లలకు ఉద్యోగాలు రావడం నాకు సంతోషమే, అందులో దాపరికం లేదు. నా బాధ చరిత్ర, ఫిలాసఫీ, తెలుగు విభాగాల గురించి. సీట్లు నిండలేదని అధ్యాపకుల్ని వేయరు, అధ్యాపకులు లేరని పిల్లలు చేరరు. సీమ శాసనాల మీద, కరువు మీద, ఇక్కడి మౌఖిక సాహిత్యం మీద పనిచేసినవారి గదులకు తాళాలు పడ్డాయి. ఈ పని ఏ ప్రైవేటు వర్సిటీ చేస్తుంది? ఆంధ్రప్రదేశ్‌లో 2016 చట్టంతో, తెలంగాణలో 2018 చట్టంతో ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. వాటి ప్రకటనల్లో కంప్యూటర్ సైన్సు, మేనేజ్‌మెంటు తప్ప నాకు వేరే కనపడలేదు. వాళ్లు పెట్టుబడి పెట్టారు, వాళ్ల దారి వాళ్లది. మన డబ్బుతో పుట్టిన సంస్థలు కూడా అదే దారి పట్టాలా అన్నదే నా ప్రశ్న.

ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదా అని అడుగుతారు. 2008 ప్రాంతంలో మొదలైన ఆ పథకం వల్ల లక్షల కుటుంబాల్లో మొదటి డిగ్రీ వచ్చింది, దాన్ని తగ్గించి మాట్లాడను. కానీ అంతకుముందు సంస్థకు వచ్చే డబ్బు ఇప్పుడు విద్యార్థి వెంట నడవడం మొదలైంది. విద్యార్థిని ఎవరు ముందు పట్టుకుంటే డబ్బు వారికి. అందుకే ఇంటర్ పరీక్షలు అవగానే పిల్లల్ని చేర్పించుకోవడానికి కాలేజీల పీఆర్వోలు ఊళ్లలో తిరుగుతారు. ప్రభుత్వం ఆ డబ్బు ఏళ్ల తరబడి ఆపితే కాలేజీ వర్సిటీకి కట్టదు, వర్సిటీ ఫలితాలు ఆపుతుంది, చివరికి నష్టపోయేది పిల్లలు. ఒక అమ్మాయి జడ్చర్ల దగ్గర కంపెనీలో ఉద్యోగం వచ్చిందని, ఒరిజినల్స్ చూపాలని మా దగ్గరకొచ్చింది. సెల్ఫ్ ఫైనాన్స్ విద్యార్థిని. రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి బాకీ కడితేనే సర్టిఫికెట్ అని నియమం. వాళ్లమ్మ చెవి కమ్మలు కుదువపెట్టి కట్టింది. ప్రభుత్వం ప్రభుత్వ వర్సిటీకి పడ్డ బాకీని ఒక కూలి మనిషి తీర్చింది. ఆ రసీదు మా సెక్షన్‌లోనే రాశారు.

అందుకే సలహాలు ఇచ్చే పెద్దలను కోరేది ఒకటే, ముందు ఆ పద్దులు చూడండి. పెన్షన్లను బ్లాక్ గ్రాంటు నుంచి తీసేసి ట్రెజరీకి అప్పగిస్తే వర్సిటీ సగం ఊపిరి పీల్చుకుంటుంది. అఫిలియేషన్ ఫీజును వర్సిటీ ఖాతాలో కలపకుండా ఉన్నత విద్యా మండలి దగ్గర విడిగా ఉంచి, తనిఖీలు, ల్యాబుల బాగు కోసమే ఖర్చు చేయాలి. రీయింబర్స్‌మెంట్ బకాయి ఉన్నంత మాత్రాన ప్రభుత్వ వర్సిటీ ఏ విద్యార్థి సర్టిఫికెట్టూ ఆపకూడదని ఒక్క జీవో చాలు. ఇందులో ఏదీ ఖజానాకు మోయలేని భారం కాదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. ప్రతి వర్సిటీ బడ్జెట్‌లో మొదటి కొన్ని పేజీల్లోనే రాబడి వివరాలు ఉంటాయి. గ్రాంటు ఎంత, పరీక్షల ఫీజు ఎంత, అందులో సప్లిమెంటరీ ఎంత, అఫిలియేషన్ ఎంత అన్నీ వరుసగా ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఇవ్వక తప్పదు. రెండు రాష్ట్రాల్లోని అన్ని వర్సిటీలవీ, కనీసం గత పదేళ్లవి తెప్పించి మీ జిల్లా పేజీల్లో వేయండి. చదవడంలో మీ విలేకరులకు ఎక్కడైనా ఇబ్బంది అనిపిస్తే ఆ పద్దులు వివరించడానికి నాలాంటి పెన్షనర్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత సూపరింటెండెంటు,
రాయలసీమ