డేలిల్లీ గురించి మిత్రునికి ఒక ఉత్తరం

హైదరాబాదు

ప్రియమైన మిత్రమా,

కొంపల్లిలోని కొత్త ఇంటి ముందు స్టెల్లా డి ఓరో వేయాలని ఉందని రాశావు. అడుగు ఎత్తుకు మించకుండా, బంగారు పసుపు పూలతో నెలల తరబడి పూసే ఆ డేలిల్లీని అమెరికాలో వాల్టర్ జబ్లాన్‌స్కీ 1975లో నమోదు చేశాడు. 1985లో దానికి, డేలిల్లీలకిచ్చే అత్యున్నత పురస్కారమైన స్టౌట్ వెండి పతకం కూడా వచ్చింది. అయినా మన ఊరికి అది వద్దనే నా అభిప్రాయం. చలికాలంలో ఆకులన్నీ రాల్చి నిద్రపోయే జాతి అది. గడ్డకట్టే చలిలో పొందే విశ్రాంతే దాని బలం, మన పుష్యమాసపు రాత్రులు ఆ విశ్రాంతిని ఇవ్వలేవు.

ఏడాది పొడుగునా ఆకు పచ్చగా ఉండే రకాన్ని ఎంచుకో. నా దగ్గరున్న పసుపు రకం అటువంటిదే, నాకు ప్రాణం. వేసవి తొలిరోజుల్లో ఒక విడత పూసి, మే నెల ఎండలకు కాస్త తగ్గి, తొలకరి పడగానే మళ్ళీ కాడలు వేస్తుంది. ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది కానీ, ఒకే కాడ మీద చిన్నా పెద్దా మొగ్గలు వరుసలో ఉంటాయి గనుక తోట బోసిపోదు. వాడిన పువ్వును రోజూ తుంచెయ్యి. కాయ కట్టనిస్తే మొక్క శక్తి గింజలకే పోతుంది. మొగ్గలన్నీ అయిపోయిన కాడను మొదలంటా కత్తిరించు.

మన ఎర్రమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలిపి, వేరూ ఆకూ కలిసే చోటు అంగుళం లోతుకు మించకుండా నాటాలి. ఉదయం ఎండ పూర్తిగా తగిలి, మధ్యాహ్నం మూడు తరువాత గోడ నీడ పడే తూర్పు వైపు శ్రేష్ఠం. మొగ్గ దశలో నీరు తగ్గితే మొగ్గలు రాలిపోతాయి. వానాకాలంలో మాత్రం మొక్క మొదలు దగ్గర నీరు నిలిస్తే, ఆ వేడికీ తడికీ మొదలు కుళ్ళిపోతుంది, అందుకే మడిని నేలకన్నా జానెడు ఎత్తు చేయించు. లేత కాడలకు పేనుబంక పడితే వేపనూనె కలిపిన నీళ్ళు సాయంత్రం పూట చల్లితే చాలు.

నా గుబురు బాగా ఇరుకైంది, దసరా తరువాత విడదీస్తాను. నీ వాటా పిలకలు విడిగా ఉంచుతాను, నర్సరీలో కొనకు. అన్నట్టు, మీ అమ్మాయి పిల్లిని పెంచుతోంది కదా: ఈ మొక్క ఆకు నమిలినా పిల్లుల మూత్రపిండాలు దెబ్బతింటాయి, కాబట్టి అది తిరగని చోటు ముందే చూసి ఉంచు.

నీ మిత్రుడు