డకోటా లాండింగ్ గేర్ పునరుద్ధరణ: 2024-25 జమా ఖర్చుల వివరణ

దాతలందరికీ నమస్కారం.

డకోటా విమానం లాండింగ్ గేర్ (నేల మీద విమానం బరువు మోసే చక్రాలు, కాళ్లు) పునరుద్ధరణ కోసం 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 దాకా కమిటీ చేతికి వచ్చిన డబ్బు, చేతి నుంచి పోయిన డబ్బు అణాపైసలతో సహా ఇక్కడ పెడుతున్నాం. ముసాయిదా పద్దు చూసిన చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "రంగుకు ఇరవై వేలు కూడా కాలేదు, మరి ఆరు లక్షలు ఎటు పోయాయి?" కంటికి కనపడని చోటికి పోయాయి. సిలిండరు లోపలికి, బుష్‌లలోకి (పిన్ను తిరిగే చోట ఉండే కంచు తొడుగులు), పగుళ్ల పరీక్షకు, బేరింగులకు పోయాయి. ఇలా ఖర్చు పెట్టడమే న్యాయమని కమిటీ అభిప్రాయం. ఎందుకో పద్దు వెంట పద్దుగా చెబుతాం.

కొత్తగా చందా ఇచ్చినవారి కోసం ఒక మాట. డకోటా అంటే డగ్లస్ కంపెనీ డీసీ-3 విమానానికి యుద్ధకాలపు రూపం, సీ-47. రెండో ప్రపంచ యుద్ధ అవసరాల కోసం పదివేలకు పైగా తయారయ్యాయి. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డకోటాలతోనే బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ 1946లో సర్వీసులు మొదలుపెట్టింది. 1953 జాతీయీకరణలో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌కు సైన్యాన్ని దించినవీ డకోటాలే. అంటే మన ఊరి రన్‌వే మీద ఏళ్ల తరబడి దిగిన చక్రాల జాతి ఇది. మన పని ఎడమవైపు ప్రధాన గేర్ సెట్టు, తోకచక్రం ఫోర్కు, ఒక చక్రం. ప్రదర్శనకు మాత్రమే, ఎగరడానికి కాదు.

జమ
గత సంవత్సరం నిల్వ: రూ. 38,450
ఇక్కడి దాతలు, 143 మంది: రూ. 4,86,500
విదేశాల్లో ఉన్న భారత పౌరులు, 11 మంది: రూ. 1,32,000
పనికిరాని ఇనుము అమ్మగా: రూ. 14,200
బ్యాంకు వడ్డీ: రూ. 6,318
మొత్తం: రూ. 6,77,468

ఖర్చు
విడిభాగాల కొనుగోలు: రూ. 2,58,000
రవాణా, క్రేను, ప్యాకింగు: రూ. 37,600
పాత రంగు తీయడం, శుభ్రం చేయడం: రూ. 28,750
పగుళ్ల పరీక్షలు: రూ. 21,400
మెషీన్ షాపు పని: రూ. 64,300
ప్లేటింగు, రెండుసార్లు: రూ. 18,900
సీళ్లు, బేరింగులు, గొట్టాలు, ఆయిలు, గ్రీజు: రూ. 57,850
టైరు: రూ. 46,000
ప్రైమరు, రంగు: రూ. 19,640
స్టాండు: రూ. 52,300
మాస్కులు, గ్లవ్స్, కళ్లద్దాలు: రూ. 11,260
ప్రమాదకర వ్యర్థాల తరలింపు: రూ. 7,500
ఆడిటు, బ్యాంకు చార్జీలు, ప్రింటింగు: రూ. 9,140
మొత్తం: రూ. 6,32,640

నిల్వ రూ. 44,828. ఇందులో బ్యాంకులో 42,518, చేతిలో రొక్కం 2,310.

జమ గురించి ఒక వివరణ ఇవ్వాలి. అమెరికా నుంచి కొందరు మనవాళ్లు పెద్ద మొత్తాలు పంపుతామన్నారు. వారు అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా మనం తీసుకోకూడదు కాబట్టి వద్దని చెప్పాం. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. పై పట్టికలోని 11 మంది ఆ కోవకు చెందినవారే. ప్రతి ఒక్కరి నుంచి పాస్‌పోర్టు వివరంతో రాతపూర్వక ధ్రువీకరణ తీసుకుని ఫైల్లో పెట్టాం.

ఇక కొనుగోలు. ప్రధాన గేర్ సెట్టు 1,85,000, తోకచక్రం ఫోర్కు 32,000, విడి చక్రం 41,000. పాత సామాను వ్యాపారి గేర్‌కు మొదట 2,60,000 అడిగారు. డకోటా గేర్‌లో చక్రానికి అటొకటి ఇటొకటి రెండు ఓలియో కాళ్లు (ఆయిలు, గాలితో కుదుపు తట్టుకునేవి) ఉంటాయి. రెండూ ఒక జతవేనా, ఇరుసు వంగిందా అన్నవే ధర తేల్చే విషయాలు. ఇరుసును వీ-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజితో తిప్పి చూస్తే 0.15 మిల్లీమీటర్ల వంపు ఉంది. ఎగిరే విమానానికైతే ఇలాంటి వంపును తేలిగ్గా తీసుకోకూడదు. మనకు పరవాలేదు గానీ బేరం తగ్గడానికి అదే కారణమైంది. భాగాల మీద ఉన్న నంబరు ప్లేట్లన్నీ విప్పకముందే ఫొటో తీసి రిజిస్టరులో ఎక్కించాం.

ఓలియో కాలు విప్పడం అన్నిటికంటే జాగ్రత్తగా చేసిన పని. దాని లోపల కింద ఆయిలు, పైన ఒత్తిడి పట్టించిన గాలి ఉంటాయి. ఏళ్ల క్రితం విమానం నుంచి ఊడదీసిన కాలులో గాలి ఉండదని అనుకోవడమే ప్రమాదం. వాల్వు రంధ్రంలో పాత ఆయిలు జిగురై గట్టిపడితే, వాల్వు తెరిచినా గాలి రాదు, ఖాళీ అయిందని భ్రమ కలుగుతుంది. అప్పుడు పిస్టన్‌ను పట్టి ఉంచే గ్లాండ్ నట్టు విప్పితే పిస్టన్ ఫిరంగి గుండులా బయటికి వస్తుంది. మన రెండు కాళ్లలో ఒకటి సరిగ్గా అలాగే ఉంది. వాల్వు లోపలి కోరు (గాలిని ఆపే భాగం) తీసినా చప్పుడు లేదు. సన్నని రాగి తీగ దూర్చితే అరంగుళం లోతులో ఆగిపోయింది. కాలును చెయిన్లతో బల్లకు బిగించి, రంధ్రంలో కిరోసిన్ నింపి రెండు రోజులు నానబెట్టాక తీగతో మెల్లగా పొడిస్తే బుస్సుమని నల్లటి నురగ వచ్చింది. శబ్దం పూర్తిగా ఆగి, పిస్టన్ చేత్తో లోపలికీ బయటికీ కదిలాకే గ్లాండ్ నట్టు ముట్టుకున్నాం. ఆ నట్టుకు సరిపోయే హుక్ స్పానరు బజారులో దొరకదు, చేయించడానికి 1,800 అయింది. ఉలి పెట్టి సుత్తితో కొడితే ఉచితంగా అయ్యేదే, కానీ నట్టు గాడులు శాశ్వతంగా పాడయ్యేవి.

లోపలి సీళ్లు వీ ఆకారపు రింగుల దొంతర. పాతవి కొబ్బరి చిప్పలా గట్టిపడి ముక్కలుగా వచ్చాయి. కొత్తవి నైట్రైల్ రబ్బరుతో అచ్చు చేయించి పోయించాం, అచ్చుతో కలిపి 16,800. వీ నోరు ఒత్తిడి ఉన్న వైపు తెరుచుకుని ఉండాలి, తిరగబెడితే సీలు విచ్చుకోక ఆయిలు కారుతుంది. నైట్రైల్ ఎంచుకున్నది ఆయిలును బట్టి. డకోటా గేర్‌లో వాడేది ఎర్రటి మినరల్ హైడ్రాలిక్ ఆయిలు, 5606 రకం. ఇప్పటి పెద్ద విమానాల్లో వాడే ఊదారంగు ఫాస్ఫేట్ ఈస్టర్ ఆయిలు ఇందులో పోస్తే నైట్రైల్ ఉబ్బి మెత్తబడి పాడవుతుంది. ఎవరో మంచి ఉద్దేశంతో ఇస్తామన్న ఆ ఆయిలును అందుకే తీసుకోలేదు. 5606 అయిదు లీటర్లకు 6,200, బేరింగులకు 24,600, గొట్టాలకు 7,450, గ్రీజూ కిరోసిన్ వగైరాలకు 2,800.

మెషీన్ షాపు పనంతా బాలానగర్‌లో చేయించాం. ఎనిమిది కంచు బుష్‌లకు 19,200, ఆరు పిన్నులకు 15,900. బుష్‌ను ప్రెస్‌లో దించగానే దాని లోపలి కొలత కొద్దిగా బిగుసుకుంటుంది. అందుకే ముందు కాస్త తక్కువకు కోయించి, దించాక రీమరుతో (రంధ్రాన్ని కొద్దికొద్దిగా గీకి కొలతకు తెచ్చే పనిముట్టు) పిన్నుకు సరిపోయేలా చేయించాం. పిస్టన్లు పాలిష్ చేయడానికి, గ్లాండ్ నట్ల థ్రెడ్డు శుభ్రానికి 9,000. నాలుగు రంధ్రాల బాగుకు 5,600 పడింది, ఇది మాత్రం తప్పించగలిగే ఖర్చు. గతంలో ఎవరో 3/8 అంగుళాల, అంగుళానికి 24 చుట్ల రంధ్రాల్లోకి ఎం10 (10 మిల్లీమీటర్ల మెట్రిక్) బోల్టులు బలవంతంగా తిప్పేశారు. 3/8 అంగుళమంటే 9.525 మిల్లీమీటర్లు. అరమిల్లీమీటరు కూడా తేడా లేదు కాబట్టి మొదటి రెండు చుట్లు పట్టినట్టే ఉంటుంది, ఆ తర్వాత థ్రెడ్డు ఊడి వస్తుంది. వాటిని పెద్దవి చేసి హెలికాయిల్ (థ్రెడ్డుగా పనిచేసే తీగచుట్ట) వేసి మళ్లీ అసలు కొలతకే తెచ్చాం. అమెరికన్ విమానానికి మెట్రిక్ బోల్టు పెట్టకండి అని షెడ్డు గోడ మీద రాసి పెట్టాం.

హుక్ స్పానరు 1,800 కూడా పోగా, మెషీన్ షాపు పద్దులో మిగిలిన 12,800 రెండు అల్యూమినియం కాలర్లకు. ప్రదర్శనలో ఓలియోకి గాలి కొట్టి ఉంచితే ఏడాది తిరిగేసరికి ఏదో ఒక కాలు దిగుతుంది, పైగా ఒత్తిడి ఉన్న సిలిండరు పిల్లల మధ్య ఉండకూడదు. అందుకే గాలి లేకుండా, పిస్టన్ చుట్టూ రెండు సగాలుగా ఉండే కాలరు తోలు అస్తరుతో బిగించి ఎత్తు నిలబెట్టాం.

ప్లేటింగు పద్దులో 6,700 వృథా అయింది. ఆ తప్పు కమిటీదే. కిందికి దిగిన గేర్‌ను పట్టి ఉంచే లాచ్ స్ప్రింగును కొత్తగా చుట్టించి జింకు పూతకు ఇచ్చాం. యాసిడ్‌లో కడిగి పూత వేసేటప్పుడు గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరుతుంది. నాలుగు గంటల్లోపు ఓవెన్‌లో 190 డిగ్రీల దగ్గర కాల్చి దాన్ని బయటికి పంపకపోతే ఉక్కు పెళుసవుతుంది. స్ప్రింగు బిగించిన రోజు బాగానే ఉంది. మూడో రోజు పొద్దున ఎవరూ ముట్టుకోకుండానే రెండు ముక్కలై నేల మీద ఉంది. విరిగిన చోట వెండి గింజల్లాంటి మెరుపు. వర్క్ ఆర్డరులో బేకింగ్ అనే మాట మనం రాయలేదు కాబట్టి షాపును డబ్బు అడగలేదు. రెండోసారి వేరేచోట స్ప్రింగు చుట్టించడం, పూత, 23 గంటల బేకింగ్ కలిపి 12,200.

పగుళ్ల పరీక్షలో ఉక్కు భాగాలు 14 అయస్కాంత పద్ధతిలో, చక్రం డై పెనిట్రెంట్‌తో (పగుళ్లలోకి దిగి వాటిని చూపే రంగు ద్రవం) చూపించాం. ఒక బ్రాకెట్టు వెల్డింగు అంచున 11 మిల్లీమీటర్ల పగులు బయటపడింది. దాన్ని మళ్లీ వెల్డింగు చేయించలేదు. వేడి చికిత్స చేసిన క్రోమ్-మాలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన) ఉక్కును స్థానికంగా వేడిచేస్తే చుట్టుపక్కల బలం పోతుంది, అసలు పనితనమూ పోతుంది. పగులు చివర చిన్న రంధ్రం వేసి ఆపి, ఎర్ర గుర్తు పెట్టి వదిలేశాం. పరీక్షయ్యాక ప్రతి భాగానికీ అయస్కాంతత్వం తీయించాం, లేకపోతే ఇనుప రజను బేరింగుల్లోకి లాక్కుంటుంది.

చక్రం మెగ్నీషియం మిశ్రమంతో పోత పోసింది. అక్కడక్కడా తెల్ల పొడి రాలుతోంది. ఇనుప బ్రష్షు వాడితే ఇనుప రేణువులు అతుక్కుని ఆ చోటే తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ బ్రష్షుతోనే తోమాం. పక్కన బకెట్ల నిండా పొడి ఇసుక పెట్టుకున్నాం. మెగ్నీషియం రజను అంటుకుంటే నీళ్లు పోయడం మంటను పెంచడమే. బ్రేకు లైనింగులు మాత్రం బాగుచేయలేదు. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. గాలితో ఊదకుండా, తడిపి, రెండు సంచుల్లో మూసి అనుమతి ఉన్న సంస్థకు అప్పగించాం. 7,500 అందులోనే పోయింది, పాత క్రోమేట్ ప్రైమరు (విషపూరితమైన అడుగు పూత) తీసిన బురదతో సహా.

17.00-16 కొలత కొత్త టైరు మన శక్తికి మించినది. విమానాల నుంచి తీసేసిన టైరు ఒకటి 46,000కు దొరికింది. పక్క గోడలో పగుళ్లున్నాయి. అందుకే బరువంతా ఇరుసు కింద స్టాండు మోస్తుంది, టైరు నేలను తాకీ తాకనట్టు ఉంటుంది, ఆకారం నిలిచేంత గాలే ఉంది. స్టాండుకు 52,300 ఎక్కువ అన్నవారికి ఇదే సమాధానం.

రంగుకు తక్కువ అయింది, కారణం పని తక్కువ కావడమే. క్రోమేట్ లేని ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు, పైన అల్యూమినియం రంగు. మెరిసే పిస్టన్ రాడ్డుకు రంగు వేయలేదు, అది అందానికి మిగిలిన లోహం కాదు, సీలు జారే ముఖం. పై కాలు వెనుక అయిదు సెంటీమీటర్ల చదరం పాత రంగు పొరలను అలాగే ఉంచాం. తర్వాత చూసేవారికి ఏ పొర మీద ఏ పొర ఉందో కనపడాలి.

మనం కొత్తగా చేయించిన ప్రతి పిన్నూ బుష్షూ మీద సంవత్సరం, "ప్రదర్శనకు మాత్రమే" అన్న గుర్తు చెక్కించాం. డకోటాలు ఇంకా ఎగురుతున్నాయి. రేపు ఎవరి చేతిలోనో పడి ఇవి నిజమైన విమానంలోకి వెళ్లకూడదు.

పిస్టన్ల మీద తుప్పు గుంటలు మిగిలాయి. హార్డ్ క్రోమ్ (గట్టి క్రోమియం పూత) చేయించడానికి 1,10,000 కొటేషన్ వచ్చింది. ప్రదర్శనకు అనవసరమని ఆపి, లానోలిన్ గ్రీజు పట్టించాం. కుడివైపు గేర్ కొనాలంటే ఇంకా రెండున్నర లక్షలైనా కావాలి, ఆ మొత్తం చేతికి రాకముందు బయానా ఇవ్వకూడదని తీర్మానించాం. నిల్వలోని 44,828 నిర్వహణకే: ఆరు నెలలకోసారి గ్రీజు, సీళ్ల తనిఖీ. బేరింగు రోలర్లు ఒకేచోట ఒత్తుకుపోకుండా నెలకోసారి చక్రాన్ని పావు చుట్టు తిప్పుతాం.

వోచర్లు, బిల్లులు, వర్క్ ఆర్డర్లు, పగుళ్ల పరీక్ష రిపోర్టులు ప్రతి ఆదివారం ఉదయం 10 నుంచి 1 గంట దాకా సికింద్రాబాద్ షెడ్డులో చూడవచ్చు. విరిగిన స్ప్రింగు రెండు ముక్కలూ వాటి వోచరుతో పాటే డబ్బాలో ఉన్నాయి. ఏ పద్దు మీదైనా అభ్యంతరం ఉంటే 30 రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వండి, జవాబు నోటీసు బోర్డులో పెడతాం.

కమిటీ సభ్యులు