తిరిగి భూగర్భంలోకి పంపే చమురు నీటి ప్రమాణాలపై కేంద్ర పర్యావరణ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రిగారికి,

నమస్కారములు. చమురుతో పాటు పైకి వచ్చే నీటిని పాడుబడిన బావుల్లోకి తిరిగి పంపాలంటే అది 1000 మీటర్లకు దిగువనే చేరాలని, అందులో చమురు, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు, కరగని ఘనపదార్థాలు 100 మిల్లీగ్రాములు మించరాదని మీ శాఖ 1996లో ప్రమాణాలు ప్రకటించింది. అవి చమురు బరువును చెబుతాయి గాని చుక్క సైజును చెప్పవు. నీరు చేరే రాతి పొరలోని సందులు మూసుకుపోవడంలో ఆ సైజుదే పెద్ద పాత్ర.

హైదరాబాదులో మా బోర్లకు నీరు గ్రానైట్ పగుళ్ల నుంచి వస్తుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లోని ఇసుకరాయి సంగతి వేరు. అక్కడ నీరు రేణువుల మధ్య సందులను కలిపే ఇరుకు గొంతుల గుండా సాగాలి. రాయి నీటిని ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే పారగమ్యతను మిల్లీడార్సీల్లో కొలుస్తారు; అది 100 మిల్లీడార్సీలున్న ఇసుకరాయిలో ఆ గొంతు ఉజ్జాయింపున 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఈ రంగంలో చిరకాలంగా వాడుతున్న లెక్క ప్రకారం గొంతులో మూడో వంతుకన్నా పెద్ద రేణువులు బావి గోడ దగ్గరే అట్ట కడతాయి, ఏడో వంతుకన్నా చిన్నవి చాలావరకు దాటిపోతాయి, నడుమ సైజువి లోపలికి చొరబడి ఇరుక్కుంటాయి.

చమురు చుక్కకు ఈ లెక్క పూర్తిగా సరిపోదు. చుక్క మెత్తనిది కనుక పీడనం చాలితే సాగి గొంతులో దూరుతుంది, చాలకపోతే అక్కడే బిరడాలా నిలిచిపోయి నీటి దారిని ఆక్రమిస్తుంది. దానికి ఐరన్ సల్ఫైడ్, బంకమన్ను తోడైతే తయారయ్యే జిగట మడ్డిని ముందు సాల్వెంట్‌తో కడిగితే తప్ప బావిని శుభ్రం చేసేందుకు పంపే ఆమ్లం సరిగా తాకదు. రాతి నమూనాల గుండా నీరు తోసి కొలిచే పనిలో ఏళ్లు గడిపినవాణ్ణి; ఇలా మూసుకున్న నమూనాలోకి శుభ్రమైన ఉప్పునీటిని వెనకనుంచి పంపినా మొదటి పారగమ్యత పూర్తిగా తిరిగి రావడం అరుదు.

ప్రమాణాన్ని మీరకుండానే రోజుకు 1000 ఘనపు మీటర్లు పంపే బావిలోకి రోజూ 10 కిలోల చమురు, 100 కిలోల ఘనపదార్థాలు, అంటే ఏడాదికి 40 టన్నులకు పైగా మడ్డి చేరవచ్చు. నీరు బావి చుట్టూ విస్తరిస్తూ పోతుంది కాబట్టి పీడనంలో అధిక భాగం తొలి కొద్ది మీటర్లలోనే ఖర్చవుతుంది. మడ్డి పేరుకునేదీ అక్కడే. అప్పుడు అంతే నీటిని పంపడానికి పీడనం పెంచుతూ పోతే చివరకు రాయి చీలుతుంది. చీలిక ఇసుకరాయిలోనే ఆగితే ఇంజనీరుకు అది ఉపకారమే (కొన్ని చోట్ల కావాలనే చీలుస్తారు), నీటిని పైకి రాకుండా ఆపే, పైనున్న షేల్ (బంకమట్టి రాయి) పొరలోకి పాకితే మాత్రం పై భూజలాన్ని కాపాడేందుకు 1000 మీటర్ల నియమం పెట్టిన ఉద్దేశమే దెబ్బతింటుంది.

అందుచేత చుక్కల, రేణువుల సైజు కొలతను, నీరు పంపబోయే పొర నుంచి తీసిన రాతి నమూనాపై ముందస్తు పరీక్షను, పీడనం, ప్రవాహాల నెలవారీ నమోదును ప్రమాణాల్లో చేర్చవలసిందిగా కోరుతున్నాను. అన్ని పొరలకూ ఒకే మైక్రాన్ హద్దు పెట్టమనడం లేదు; 1000 మిల్లీడార్సీల రాయి తట్టుకునే నీటిని 10 మిల్లీడార్సీల రాయి తట్టుకోలేదు. ముసాయిదా దశలో మా ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ సలహా తీసుకోవాలని, నమోదైన పీడనం వివరాలు బావి ఉన్న గ్రామ పంచాయతీకి కూడా అందేలా చూడాలని మనవి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రయోగశాల ఉద్యోగి,
తార్నాక, హైదరాబాదు