లారా సెకార్డ్ కథలో ఆవు లేదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

కెనడా నుంచి వచ్చేవాళ్ళు తెచ్చే చాక్లెట్లలో లారా సెకార్డ్ అని ఒక బ్రాండ్ ఉంటుంది, మా అమ్మాయీ పోయినసారి అదే తెచ్చింది. ఎవరమ్మా ఈవిడ, ఓనరా అంటే కాదు నాన్నా, అమెరికా వాళ్ళతో యుద్ధమప్పుడు ఆవుని తోలుకుంటూ సైనికుల కళ్ళు కప్పి వెళ్ళి అమెరికన్లు దాడికి వస్తున్నారని బ్రిటిష్ వాళ్ళకి కబురు చెప్పిందట అంది. నాకు ఆవు దగ్గరే డౌటొచ్చింది. గేదెల్ని రెండు మైళ్ళు తోలుకెళ్తేనే తల ప్రాణం తోకకొచ్చేది మాకు, ఈవిడ నడిచింది 20 మైళ్ళు!

చదివితే తేలిందేంటంటే ఆ ఆవుని 1864లో ఒకాయన తన పుస్తకంలో కలిపాడు, ఆవిడ స్వయంగా చెప్పినదాంట్లో అది లేనే లేదు. అసలు జరిగింది 1813 జూన్ 22న. మొగుడు జేమ్స్ అంతకుముందు అక్టోబర్లో క్వీన్‌స్టన్ హైట్స్ యుద్ధంలో దెబ్బ తిని ఇంకా కోలుకోలేదు, అందుకని ఐదుగురు పిల్లల తల్లి తనే బయల్దేరింది, అడవీ చిత్తడీ దాటి, కూలిన చెట్టు మీదుగా వాగు దాటి, చీకటిపడ్డాక మూలవాసుల శిబిరంలోకి వెళ్తే వాళ్ళంతా ఒక్కసారి లేచి ఆడమనిషి అని అరిచారట, వణికిపోయానని తర్వాత ఆవిడే రాసుకుంది. వాళ్ళే ఆవిడని బ్రిటిష్ సైన్యం లెఫ్టినెంట్ ఫిట్జ్‌గిబన్ దగ్గరికి చేర్చారు. రెండ్రోజులకి బీవర్ డ్యామ్స్ దగ్గర 400 మందికి పైగా అమెరికన్లు లొంగిపోయారు, పోరాటం చాలావరకు చేసింది మోహాక్ లాంటి మూలవాసి యోధులే, ఈ ముక్క మా అమ్మాయి చెప్పిన కథలో లేదు మరి.

ఫిట్జ్‌గిబన్ రిపోర్టులో ఆవిడ పేరు లేదు. తర్వాత సర్టిఫికెట్లిచ్చాడనుకోండి, అవి పట్టుకుని ఆ కుటుంబం సర్కారు సాయం కోసం ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకుంది. 1860లో బ్రిటన్ యువరాజు వచ్చినప్పుడు ఆవిడా ఒక అర్జీ పెడితే ఆయన తర్వాత 100 పౌండ్లు పంపాడు, అప్పటికి ఆవిడకి 85 ఏళ్ళు! ఇంకో ఎనిమిదేళ్ళు బతికి పోయింది. చాక్లెట్ కంపెనీ 1913లో టొరంటోలో పెట్టారు, ఆవిడ పేరు తప్ప ఇంకే సంబంధం లేదు.

నయాగరా వెళ్ళే మనవాళ్ళు జలపాతం ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తారు, క్వీన్‌స్టన్ అక్కడికి దగ్గరే, ఆవిడ ఇల్లు మ్యూజియంగా ఉంది. మీ పిల్లల పేజీలో ఈవిడ గురించి ఎప్పుడైనా వేస్తే ఆవు బొమ్మ మాత్రం వేయించకండి సార్.

ఇట్లు,
మీ పాఠకుడు, తెనాలి