వార్షిక నివేదిక 2025–26: డాబా మీది వేధశాల

సభ్యులకు, పాత విద్యార్థులకు, శనివారం సాయంత్రాలు మూడంతస్తులెక్కి వచ్చే విశాఖవాసులకు నమస్కారం.

ముందు కప్పు సంగతి. మన కాలేజీ వేధశాలకు, అంటే డాబా మీద టెలిస్కోపుతో ఆకాశం చూసే చోటికి, గోపురం లేదు, పట్టాల మీద వెనక్కి జరిగే రేకుల కప్పే ఉంది. సముద్రపు గాలికి జూన్‌లోనే దాని చక్రాలు బిగుసుకుపోయాయి. రెండు శనివారాలు జనాన్ని మెట్ల దగ్గరే వెనక్కి పంపాం. మూడో వారం గ్రీజు డబ్బా, సుత్తి పట్టుకుని నలుగురం కూర్చున్నాం. మూడు చక్రాలు కదిలాయి. నాలుగోది ఇప్పటికీ కిర్రుమంటుంది. ఆ చప్పుడు వింటేనే మనం కప్పు తీశామని వాచ్‌మన్‌కి తెలుస్తుందట, అందుకని దాన్ని అలాగే వదిలేశాం.

సెప్టెంబర్ 7 ఆదివారం సంపూర్ణ చంద్రగ్రహణం. రాత్రి 9:57కి పట్టు, 11:01 నుంచి 12:22 దాకా సంపూర్ణం, 1:26కి విడుపు. గ్రహణం పూట ఎవరొస్తారులే అనుకున్నాం. తొమ్మిదింటికి డాబా ఖాళీ. పదకొండు దాటేసరికి మెట్ల మీద కూడా జనమే. మబ్బు వచ్చి కప్పేయడం, అందరూ ఉసూరుమనడం, మళ్లీ తెరిపి. ఒక మామ్మగారు దర్భపోచ కొంగున ముడేసుకుని వచ్చారు. టెలిస్కోపులో కన్ను పెట్టి, "చింతపండుతో తోమకముందు రాగిచెంబులా ఉన్నాడు నాయనా" అన్నారు. ఆ ఎరుపు ఎక్కడిదో మా సెకండియర్ అమ్మాయి చెప్పింది: ఆ సమయంలో భూమి చుట్టూ ఎక్కడెక్కడ తెల్లవారుతోందో, ఎక్కడెక్కడ పొద్దుగుంకుతోందో, ఆ వెలుగంతా మన గాలిపొరలో వంగి చంద్రుడి మీద పడుతుందని. మామ్మగారు రెండోసారి వరసలో నిలబడ్డారు. మేం పంచిన బిస్కెట్లు మాత్రం ముట్టలేదు. మనవడు రెండు తిన్నాడు. దర్భ గురించి ఎవరూ వెటకారం చేయలేదు, మన డాబా మీద ఆ పద్ధతి లేదు.

శని ఈసారి పిల్లల్ని నిరాశపరిచాడు. 2025 మార్చి 23న భూమి ఆ ఉంగరాల తలాన్ని దాటింది కాబట్టి ఏడాదంతా అవి అంచు వైపు నుంచే కనబడ్డాయి. "ఉంగరం ఏదన్నా? నిమ్మకాయకి పుల్ల గుచ్చినట్టుందే!" అన్నాడొక ఆరో తరగతి కుర్రాడు. ఇంతకన్నా బాగా మేమెవరం చెప్పలేదు. దాదాపు 2.7 లక్షల కిలోమీటర్ల వెడల్పున్న ఉంగరాలు చాలాచోట్ల పదుల మీటర్ల మందం కూడా ఉండవంటే నమ్మడానికి ఇదే సరైన ఏడాది అని నా అభిప్రాయం. కమిటీలో అందరూ ఒప్పుకోలేదు.

అక్టోబర్‌లో లెమ్మన్ తోకచుక్క సాయంత్రాలు పడమటి దిక్కున కనిపించాల్సింది. పోస్టర్లు కూడా అంటించాం. తీరా మొంథా తుపాను వచ్చి 28 రాత్రి తీరం దాటింది. తోకచుక్క పోయింది, పోస్టర్లూ పోయాయి. కప్పు నిలిచింది.

తుపాను తర్వాత జరిగింది మాత్రం నా తప్పే, దాచను. ఎనిమిది అంగుళాల అద్దం మీద తేమ మరకలు కనబడితే జేబురుమాలు తీసి తుడిచేశాను. టెలిస్కోపు అద్దానికి పూత పైవైపే ఉంటుంది, కళ్లజోడులా తుడిస్తే గీతలు పడతాయి. పడ్డాయి. డిస్టిల్డ్ వాటర్ పోసి, తడి దూదిని దాని బరువుతోనే జరపాలట. ఈ మాట ఫోన్లో చెప్పిన సీనియర్, "మీకు చెప్పలేదా?" అన్నాడు. చెప్పలేదు. డిగ్రీ మూడేళ్లలో నేర్చుకున్నది మూడో ఏడు చివర్లో మనతోపాటే గేటు దాటిపోతోంది. అందుకే జనవరిలో ఒక లాంగ్‌బుక్ కొన్నాం. మొదటి పేజీలో నా జేబురుమాలు కథే ఉంది.

ఈ బెంగ మన ఊరికి కొత్త కాదు. గోడే వెంకట జగ్గారావు గారు 1840లో ఈ ఊళ్లోనే సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు నడిపారు, 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. చూడ్డానికి వచ్చిన ప్రతివారికీ ఈ కథ చెప్తాం. మాకు అల్లుళ్లు లేరు కాబట్టి జూనియర్లే గతి.

మార్చి 3న చిన్న టెలిస్కోపు ఆర్కే బీచ్‌కి దించాం. గ్రహణంతోనే చంద్రోదయం. సముద్రం మీద మంచుపొర మందంగా ఉంది, ఎక్కడున్నాడో తెలియక అందరం తూర్పుకేసి కళ్లు చిట్లిస్తున్నాం. ముందు చూసింది ముంతమసాలా అమ్మే ఆయన. "అదిగో, కొరికిన అట్టు!" 6:47కి విడిచేదాకా ఆయన బేరం కూడా బాగా సాగింది.

పక్క భవనం మీది ఫ్లడ్‌లైటు గురించి రెండు ఉత్తరాలు రాశాం. జవాబు లేదు. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా చదువుతారు.

సభ ముందు ఒక్కటే తీర్మానం పెడుతున్నాం: కప్పు తాళం, లాంగ్‌బుక్ ఇకనుంచి ఫస్టియర్ విద్యార్థుల దగ్గర ఉండాలి, సీనియర్లు పక్కన నిలబడి నేర్పాలి. మన ఊరికి తర్వాతి సంపూర్ణ చంద్రగ్రహణం 2028 డిసెంబర్ 31 రాత్రి. ఇప్పటి ఫస్టియర్ వాళ్లు కూడా అప్పటికి ఇక్కడ ఉండరు.

— కార్యదర్శి