స్టౌర్‌హెడ్ తోట అధికారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఇంగ్లండులో, విల్ట్‌షైర్‌లోని మీ తోటకి వచ్చేవాళ్లకి గేటు దగ్గరే ఒక మాట చెప్పించండి: చెరువు ఎడమచేతి వైపు ఉండేలా నడవమని. బ్యాంకరు హెన్రీ హోర్ 18వ శతాబ్దంలో స్టౌర్ నదికి కట్ట వేయించి ఆ చెరువు తయారు చేయించాడు. చుట్టూ తిరిగే దారి కూడా లెక్క ప్రకారం వేసిందే. 1754 నాటి పాంథియాన్ (రోమన్ గుడిలా కట్టిన గుమ్మటం భవనం) అవతలి గట్టున కనిపించి, చెట్ల చాటుకి పోతుంది. తర్వాత చల్లటి గుహ, నీళ్ల చప్పుడు, నిద్రపోతున్న వనదేవత బొమ్మ. గోడలో వదిలిన సందులోంచి చూస్తే ఫ్రేము కట్టినట్టు చెరువు! అవన్నీ దాటాక గానీ పాంథియాన్ చేతికందదు. ఎదురు దిక్కున వస్తే ఈ సస్పెన్సంతా పోతుంది.

(రోడోడెండ్రాన్ పూలు తర్వాతి తరాలవాళ్లు పెంచినవి. ఫోటోలకి బాగుంటాయి గానీ, నాకైతే హోర్ కోరుకున్న పచ్చదనమే ఇష్టం.)

మ్యాపు మీద ఒక బాణం గుర్తు వేయిస్తే చాలు.

ఇట్లు,
ఒక సందర్శకుడు